నీటికి మూడు మూరల పైన

పూడిక మేస్త్రి మూట విప్పకముందే తగాదా మొదలైంది.

“ముందు ఇదేంటో చెప్పండి. కాగితాలు తర్వాత చూసుకుందాం” అన్నాడతను, బల్ల మీది గుడ్డమూట మీంచి చెయ్యి తీయకుండా.

“ముందు ఎక్కడ దొరికిందో చెప్పు. అది రాసుకోకుండా నేను దేన్నీ ముట్టను” అంది రాళ్ళక్క.

ఆ పేరు ఆఫీసు పెట్టింది. ఖనిజాల మ్యూజియంలో నమూనాల గది ఆమెది. వచ్చిన ప్రతి రాయికీ నంబరు వేసి, చీటీ రాసి, రిజిస్టరులో ఎక్కించి, సొరుగులో దూది పరిచి పడుకోబెట్టేది ఆమే. మనుషులతో కన్నా రాళ్ళతోనే మర్యాదగా ఉంటుందని వెనకాల నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఎక్కడిదో తెలియని రాయి గోడ కట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదని ఆమె నమ్మకం. పంతొమ్మిదేళ్ళలో ఒక్క నంబరు తప్పు పడలేదు, ఒక్క మెమో అందుకోలేదు. ఆ సంగతి అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ కూడా చెబుతూ ఉంటుంది.

మేస్త్రి బావుల్లో పూడిక తీసే మనిషి. గోళ్ళ చుట్టూ ఆరిన బురద, తాడు ఒరుసుకున్న అరచేతులు. ఆమె పెన్సిలు తీసి చీటీ ముందు పెట్టుకునేదాకా నోరు విప్పలేదు.

“గని కార్మికుల వాడలో బావి. అందరూ తాగే బావే.”

పెన్సిలు ఆగింది. ఆ వాడలో ఆమె చెల్లెలు కాపురం ఉంటోంది.

“ఏ గోడ?”

“తూర్పు గోడ. గనివాళ్ళు మట్టి పోసిన గుట్ట ఉంది చూడండి, ఆ వైపు. నీటికి ఇంత పైన.” మోచెయ్యి బల్లకు ఆనించి వేలికొస దాకా కొలిచాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. “మూడు మూరలు. రాళ్ళ సందుల్లో పేరుకుని ఉంది. చిన్నప్పట్నుంచీ బావుల్లో దిగుతున్నాను, ఇలాంటిది ఎక్కడా చూడలేదు.”

అతను చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. అప్పుడు విప్పాడు మూట. పిడికెడంత గడ్డ. పైనంతా బురద. ఒకచోట బురద రాలి, లోపలి నుంచి ముదురు నీలం తొంగి చూస్తోంది.

ఆ గదికి ఒక ఆచారం ఉంది. వచ్చిన రాయికి ముందు స్నానం. బురద పోతేగాని రంగు తెలియదు, రంగు తెలిస్తేగాని తర్వాతి పరీక్షకు వెళ్ళరు. కొన్ని వేల రాళ్ళకు చేయించినట్టే దీనికీ చేయించింది. తెల్ల పింగాణీ పళ్ళెంలో పెట్టి, మునిగేదాకా నీళ్ళు పోసి, కుంచె కోసం బీరువా దగ్గరికి వెళ్ళింది. కుంచె వెంట్రుకలు రాలుతున్నాయని ఇంకోటి వెతికింది. అదీ నచ్చక మూడోది తీసింది. తిరిగొచ్చి చూస్తే పళ్ళెంలో నీళ్ళు నీలంగా ఉన్నాయి.

 చెయ్యి ముంచి తీస్తే, పిడికెడు గడ్డకు మిగిలింది బొటనవేలంత. దాన్నీ నీరు మింగేస్తోంది. బ్లాటింగ్ కాగితంలో అద్ది, ఆరబెట్టి, మూత బిగువుగా పట్టే సీసాలో వేసింది.

“ఏం చేశారండీ?” మేస్త్రి గొంతు లేచింది. “నడుముకి తాడు కట్టుకుని, ఊపిరి బిగబట్టుకుని నేను దిగి తెస్తే, మీరు తీరిగ్గా కడిగి పారేశారా?”

“రాయి కరుగుతుందని నాకేం తెలుసు!”

“తెలుస్తుందనే కదా మీ దగ్గరికి తెచ్చింది!”

ఆమె పళ్ళెం తనవైపు లాక్కుంది. ఆ కోపంలోనే కాగితాలు కోసుకునే చాకు తీసి దాని అలుగును పళ్ళెంలో ముంచింది. వంద లెక్కపెట్టి బయటికి తీసింది. నీళ్ళు తగిలినంత మేర తెల్లటి ఇనుము మీద ఎర్రటి పొర పట్టింది. గోటితో గీకితే కింద మళ్ళీ ఇనుము. పట్టింది రాగి.

“మైలుతుత్తం” అంది. గొంతు తగ్గింది. “రాగి కలిసిన నీళ్ళు గోడలోంచి ఊరి, గాలికి ఆరితే ఇలా పేరుకుంటుంది. వానొస్తే కరిగిపోతుంది, ఎండకి మళ్ళీ పేరుకుంటుంది.”

“అంటే గుట్టలోంచి ఊరి బావిలోకి వస్తోందనేగా?”

“దొరికిన చోటు అదే చెబుతోంది.”

మేస్త్రి ఖాళీ గుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. “రాయి ఎలాగూ పోయింది. మిగిలిందైనా సరిగ్గా రాయండి. నేను చెప్పిన చోటు, చెప్పినట్టు.” వెళ్తానని కూడా అనకుండా వెళ్ళిపోయాడు. ఆమె చీటీ కింద ఇంకో వాక్యం చేర్చింది. నమూనా నా చేతిలో కడుగుతుండగా ముప్పాతిక భాగం కరిగిపోయినది. రాస్తుంటే పళ్ళు నూరుకుంది గాని, రాసింది.

మర్నాడు పెద్దసారు గదిలోకి వచ్చాడు. మ్యూజియానికి ఆయనే పెద్ద. పక్కన కొత్త ప్రదర్శనశాల లేస్తోంది. దాన్ని కట్టించి ఇస్తున్నది గని కంపెనీ. గోడలు ఇంకా మొలలోతే లేచాయి గాని, శిలాఫలకం మీద పెద్దసారి హోదా మాత్రం అప్పుడే చెక్కి సిద్ధంగా ఉంది.

ఆయన సీసా ఎత్తి వెలుగులో చూశాడు. ముచ్చటపడ్డాడు. చీటీ అందుకున్నాడు. చదువుతున్నకొద్దీ ముఖం గంటు పెట్టుకున్నాడు.

“కడిగావా?”

“కడిగాను సార్. నా తప్పే.”

“పంతొమ్మిదేళ్ళ సర్వీసు! మొన్న చేరినవాళ్ళు కూడా చెయ్యరు ఇలాంటి పని!” గది అదిరేలా అరిచాడు. గుమ్మం దగ్గర ఇద్దరు గుమాస్తాలు తొంగి చూసి తప్పుకున్నారు. ఆమె తల వంచుకుని మాటలు పడింది. అరిచే హక్కు ఆయనకుంది అనుకుంది.

ఆ తర్వాత ఆయన చేసిన పనికి మాత్రం హక్కు లేదు. చీటీని బల్ల మీద పెట్టి, ఆమె పెన్సిళ్ళ డబ్బాలోంచే రబ్బరు తీసుకున్నాడు. ఎడమ చేత్తో చీటీ కదలకుండా పట్టుకుని, తూర్పు గోడ దగ్గర మొదలుపెట్టి మూడు మూరల దాకా నింపాదిగా చెరిపాడు. కాగితం చిరగకుండా, ఎంతో ఒద్దికగా. మేస్త్రి పేరు చెరిపాడు. వంగి ఉఫ్ అని ఊదితే రబ్బరు పొడి ఆమె చీర మీద పడింది.

“మూడో సొరంగం అని రాయి. సేకరించినవారు అన్నచోట నా హోదా.”

“అక్కడ దొరకలేదు కదా సార్.”

“ఆ మనిషి అన్నాడు, నువ్వు విన్నావు. నువ్వు చూశావా?”

“చూడలేదు.”

“మరి?” అని ఆయన చెయ్యి దులుపుకుని వెళ్ళిపోయాడు. మూడో సొరంగమే ఎందుకో ఆమెకు తెలుసు. మొదటిదీ రెండోదీ నడుస్తున్న సొరంగాలు, వాటి పేరెత్తితే గని మేనేజరు ఒప్పుకోడు. మూడోది మూసేసి తొమ్మిదేళ్ళయింది. వెళ్ళి చూసేవాళ్ళు ఎవరూ ఉండరు. అబద్ధం కాపురం పెట్టడానికి అంతకన్నా భద్రమైన చోటు దొరకదు.

చూశావా అన్న మాట ఆమెను రెండు రోజులు కుదురుగా కూర్చోనివ్వలేదు. ఆదివారం పొద్దున్నే వాడకు వెళ్ళింది.

బావి దగ్గర పదిమంది ఆడవాళ్ళున్నారు. ఆమె గట్టు పట్టుకుని తూర్పు గోడ వైపు వంగి చూడగానే మాటలు ఆగిపోయాయి. ఎండ ఇంకా లోపలికి దిగలేదు. చేతి అద్దంతో వెలుగు తిప్పి, రాళ్ళ వరసలు లెక్కపెట్టుకుంటూ కిందికి దించింది. నీటికి పైన, రాళ్ళ సందుల్లో, పూడిక మేస్త్రి గీకిన చోట తెల్లగా మచ్చ. దాని చుట్టూ సన్నటి నీలపు అంచు. అప్పుడే మళ్ళీ పేరుకుంటోంది.

“చూసింది చాల్లే, ఇంట్లోకి రా” అని వెనక నుంచి చెల్లెలి గొంతు. పిలిచినట్టు లేదు, లాక్కెళ్ళినట్టు ఉంది.

చెల్లెలి ఇల్లు ఒకటే గది. మూల రెండు బిందెలు. కూర్చోమని కూడా అనలేదు.

“ఎవరు పంపారు నిన్ను?”

“ఎవరూ పంపలేదు. నీళ్ళు ఎలా ఉంటున్నాయే?”

“నీళ్ళలా.”

“వగరుగా లేవూ?”

“కొంచెం. పిల్లది నాలిక మీద చిల్లర పెట్టుకున్నట్టుంది అంటుంది. అలవాటైపోతుంది.” చెల్లెలు చేదకు కట్టిన గొలుసు పట్టుకుని ఎత్తి చూపించింది. “ఇదిగో, కిందున్న నాలుగు లంకెలు ఎర్రబడ్డాయి. తుప్పేమో అనుకుని తోమితే ఇంకా మెరుస్తున్నాయి. బంగారమేమో అని నవ్వుకున్నాం.”

రాళ్ళక్క ఆ లంకెల్ని గోటితో గీకింది. చాకు మీద చూసిన పొరే. 

“ఆ నీళ్ళు ఇక ముట్టుకోకండే. పిల్లకి అసలు పట్టొద్దు.”

అప్పుడు చెల్లెలు ఒంటికాలి మీద లేచింది. “ముట్టుకోకపోతే? నువ్వు నీలంరంగు రాయి చూసి రాతలు రాసుకుని పోతావు. వాళ్ళొచ్చి బావికి పలకలు కప్పేస్తారు. ఇంకో బావి వేయిస్తారా? రెండు మైళ్ళ అవతల రోడ్డు పంపు తప్ప ఇంకేముంది మాకు? అంత దూరం నుంచి ఎవరు మోస్తారు నీళ్ళు, నువ్వు మోస్తావా?”

“అది కాదే...”

“మీ మరిది చేసేది ఆ గనిలో. అక్క ఆఫీసు పేరు చెప్పి రేపు ఇంట్లో కూర్చోబెడితే, మీ రాళ్ళు ఉడకేసుకు తినాలా? ఆ పూడికవాడి తాడు కోసేస్తామని వాడలో అప్పుడే బెదిరించారు. నీకూ నాకూ ఏం పెట్టి పంపిస్తారో చూసుకో.” బిందె మూత తీసి, గ్లాసుతో ముంచి, అక్క ముఖం మీదే గటగటా తాగింది. గ్లాసు బోర్లించింది. “ఇక వెళ్ళు.”

ఇల్లు చేరేదాకా రాళ్ళక్క కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. ఏడుపు చెల్లెలి మీద కోపంతోనా, ఆ గ్లాసుడు నీళ్ళ గురించా అంటే ఆమెకే తెలియదు.

సోమవారం పెద్దసారు రిజిస్టరు తెప్పించుకోలేదు, తనే గదికి వచ్చాడు. బుధవారం పై కార్యాలయం నుంచి తనిఖీ ఉంది. ఆ లోపల రాత పూర్తవ్వాలి.

“రాశావా?”

“లేదు సార్. మీరు చూశావా అని అడిగారు కదా. నిన్న వెళ్ళి చూసొచ్చాను. బావిలోనే ఉంది. తూర్పు గోడ, నీటికి మూడు మూరల పైన.”

ఆయన ముఖంలోకి నెత్తురు పొంగింది. “నేనేం రాయమన్నాను?”

“నా చేత్తో అది రాయలేను సార్.”

“నీ చెయ్యి అంత గొప్పదా?” రిజిస్టరు తనవైపు లాక్కుని, ఆమె సిరా కలం అందుకుని, నిలబడే రాశాడు. ఖనిజం మైలుతుత్తం. దొరికిన చోటు గని, మూడో సొరంగం. సేకరించినవారి గడిలో తన హోదా. కింద సంతకం. గీత కలం నిబ్బు విరుగుతుందేమో అన్నంత లోతుగా పడింది. ఆ రిజిస్టరులో సిరాతో పడిన అక్షరాన్ని చెరపకూడదు. ఎర్ర గీత కొట్టి, కారణం రాసి, సంతకం చెయ్యడం ఒక్కటే దారి. పంతొమ్మిదేళ్ళలో ఆ పుస్తకాల్లో ఎర్ర గీత పడలేదు.

అంతటితో ఊరుకుంటే ఆయన పెద్దసారు ఎలా అవుతాడు? మధ్యాహ్నానికి మెమో వచ్చింది. టైపు చేసిన కాగితం, కింద సంతకం, ముద్ర. “నీటిలో పూర్తిగా కరిగిపోయే ఖనిజాన్ని నీటితో కడిగి, నీరు తగలని చోట ఏళ్ళ తరబడి పేరుకున్న అరుదైన నమూనాను నాశనం చేసినందుకు” సంజాయిషీ ఇవ్వాలి. సర్వీసు పుస్తకంలో నమోదు చేయబడును. నకలు పై కార్యాలయానికి.

“నకలు ఇవాళ్టి టపాలోనే పోవాలని సారు పదిసార్లు చెప్పారక్కా. నేనేం చెయ్యను” అన్నాడు మెమో తెచ్చిన గుమాస్తా, ఆమె ముఖంలోకి చూడలేక.

అందుకున్నట్టు సంతకం చేసింది. అక్షరాలు అలుక్కుపోయాయి. ఒక్క మెమో లేదు అని ఇక ఎవరికీ చెప్పుకునే వీల్లేదు. ఆ చిన్న గొప్ప కూడా పోయింది.  మెమోను ఉండచుట్టి పారేద్దామనుకుంది. కాని ఒక నమూనాకు సంబంధించిన ప్రతి కాగితం ఆ నమూనా కవరులోనే ఉండాలి. అది ఆమె పెట్టిన పద్ధతే. కాగితం మడత సరిచేసి, నంబరు వేసి, కవరులో పెట్టబోతూ మళ్ళీ చదివింది. నీటిలో పూర్తిగా కరిగిపోయే. నీరు తగలని చోట.

తలెత్తి గోడ వైపు చూసింది. గని, దాని చుట్టుపక్కల ప్రాంతం ఉన్న పెద్ద పటం గోడంతా పరుచుకుని ఉంటుంది. నంబరు పడిన ప్రతి నమూనాకూ ఆ పటం మీద దొరికిన చోట ఒక గుండుసూది గుచ్చుతారు. తొమ్మిదేళ్ళ కిందట ఆమే ఆ పటానికి రంగులు వేసింది. చాలాసేపు చూసి, కవరు మూసి, సొరుగులో పెట్టి తాళం వేసింది. ఆ పూట గుమాస్తాతో నవ్వుతూ మాట్లాడింది. అతను భయపడ్డాడు.

మంగళవారం పెద్దసారు తనిఖీకి అంతా సిద్ధమైందో లేదో చూసుకోవడానికి వచ్చాడు. బల్ల మీద సీసా, కవరు, రిజిస్టరు వరసగా ఉన్నాయి. పక్కన చిన్న కాగితపు జెండా అంటించిన గుండుసూది.

“ఇదొక్కటే మిగిలింది సార్. చోటు రాసింది మీరు కాబట్టి మీరే గుచ్చండి.”

“దానికి కూడా నేనేనా?” అని విసుక్కుంటూ సూది అందుకుని పటం దగ్గరికి నడిచాడు. మొదటి సొరంగం వెంట వేలు పోనిచ్చాడు. రెండోది దాటాడు. మూడోదాని మీదికి వచ్చిన చెయ్యి గాల్లోనే ఆగింది.

మూడో సొరంగం నోటి నుంచి చివరి దాకా నీలిరంగు పూసి ఉంది. పక్కన ఆమె గుండ్రటి చేతిరాత. పైకప్పు వరకు నీట మునిగినది. ఆ కింద తేదీ. తేదీ కింద పెద్దసారి సంతకం.

 ఆయన సూదిని వేళ్ళ మధ్య తిప్పుతూ నిలబడ్డాడు.

“పేరు ఇంకా ఖరారు కాలేదని రాద్దాం” అన్నాడు, పటం వైపే చూస్తూ. “ఏదో నీలి ఖనిజం. పరిశీలనలో ఉంది.”

“కరిగిపోతుందని మీ మెమోలో ఉంది సార్.”

“ఆ మెమో...” గొంతు సవరించుకున్నాడు. ఇటు తిరిగాడు. మొదటిసారి ఆమెను కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. “చూడమ్మా. కోపంలో ఏదో రాశాను. ఇంత సర్వీసు ఉన్నదానివి, నీ పుస్తకంలో మచ్చ ఎందుకు? అది ఇలా ఇచ్చెయ్యి. చింపేద్దాం. నువ్వూ మర్చిపో, నేనూ మర్చిపోతాను.”

ఆమెకు ఆశ పుట్టింది. పుట్టలేదంటే అబద్ధం. ఒక్క కాగితం చినిగితే పంతొమ్మిదేళ్ళు మళ్ళీ తెల్లగా అయిపోతాయి. చెయ్యి కవరు మీదికి వెళ్ళింది కూడా. అక్కడే ఆగి, కవరును గట్టిగా అదిమి పట్టుకుంది.

“వద్దు సార్. తప్పు చేశాను, కడిగింది నేనే. మెమో నాది, నాకే ఉండనివ్వండి.”

“పిచ్చి పట్టిందా నీకు?”

“అయినా నకలు నిన్నటి టపాలో వెళ్ళిపోయింది. ఆలస్యం కాకూడదని మీరే అన్నారట.”

ఆయన మళ్ళీ పటం వైపు తిరిగాడు. రెండో సొరంగం వైపు ఒకసారి చూశాడు. మేనేజరు గుర్తొచ్చినట్టున్నాడు, చూపు తిప్పుకున్నాడు. కిటికీలోంచి కొత్త ప్రదర్శనశాల మొలలోతు గోడలు కనబడుతున్నాయి. అవి అంతకుమించి లేస్తాయో లేదో ఆయనకిప్పుడు తెలియదు. చివరికి కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

“నీ పగ తీర్చుకున్నావు.”

“నాకు పగ ఉంది సార్, లేదనను” అంది రాళ్ళక్క. “కాని బావి కూడా ఉంది.”

రిజిస్టరు ఆయన ముందుకు జరిపి, ఎర్ర సిరా కలం మూత తీసి ఇచ్చింది. ఆయన తన అక్షరాల మీద తనే గీత కొట్టాడు. కారణం అన్నచోట పొరపాటు అని రాశాడు. తన హోదా మీద కొట్టిన గీత మాత్రం కొంచెం వంకర పోయింది.

“ఇంక చెప్పు. ఎవరు తెచ్చారన్నావు?”

“పూడిక మేస్త్రి.”

“ఎక్కడ?”

“గని కార్మికుల వాడ. తాగునీటి బావి.”

కలం ఆగింది. “బావి అంటే చాలదా? తాగునీటి అని ఎందుకు?”

“తాగుతున్నారు కదా సార్.”

ఆయన ఆమెకేసి కొరకొరా చూశాడు. ఆమె చూపు దించలేదు. రాశాడు. తూర్పు గోడ రాశాడు, నీటికి మూడు మూరల పైన రాశాడు, సంతకం పెట్టాడు. సూదిని మాత్రం బల్ల మీద పారేసి వెళ్ళిపోయాడు. పటం అంచున వాడ చిన్న చదరం. అందులో బావికి గుర్తు కూడా లేదు. ఆమె పెన్సిలుతో సున్నా చుట్టి, దాని నడుమ సూది గుచ్చింది. తర్వాత బల్ల దగ్గర కూర్చుని, మెమోకు సంజాయిషీ రాసింది. నమూనాను కడిగినది నేనే, అని.

సాయంత్రం ఆఫీసు వదలగానే తిన్నగా చెల్లెలి ఇంటికి వెళ్ళింది. చెల్లెలు గుమ్మంలోనే అడ్డంగా నిలబడింది.

“రాసేశావా?”

“రాయించాను. రేపు తనిఖీవాళ్ళు చూస్తారు.”

“మా నెత్తిన రాయి వేశావు. ఇప్పుడు నీ కళ్ళు చల్లబడ్డాయా?”

రాళ్ళక్క చెల్లెల్ని తప్పించుకుని లోపలికి వెళ్ళి, మూలనున్న రెండు బిందెల్నీ ఒక్కొక్కటే బయటికి తెచ్చి, మురుగు కాలవలో కుమ్మరించింది. చెల్లెలు అరిచింది. వాకిళ్ళలోంచి మనుషులు చూశారు. ఒక బిందె చంకనెత్తుకుని ఆమె రోడ్డు పంపు వైపు నడక మొదలుపెట్టింది. నాలుగడుగులు వేశాక వెనక అడుగుల చప్పుడు వినిపించింది.

రెండు మైళ్ళూ చెల్లెలు తిడుతూనే ఉంది. రెండో బిందె ఆమె చంకలో ఉంది.